ఇంట్లో దాచిన మందు

ఈ సంచికలో మేము మాట్లాడదలచిన మందు మా ఫార్మసీలో దొరికేది కాదు.

మన వైపు మందు అనే మాటకు అర్థాలు ఎక్కువ. జ్వరానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, సాయంత్రమైతే కొందరు తాగేదీ మందే, నాటు తుపాకీలో కూరేదీ మందే. అత్యవసర విభాగానికి ఎవరైనా పరుగున వచ్చి "మందు వల్ల ఇలగైపోనాది బాబూ" అంటే ముందు ఏ మందో తేల్చుకోవాలి. మొదటి మూడూ అయితే చెప్పేస్తారు. నాలుగోది అయితే మాత్రం స్టౌ పేలిందంటారు, దీపావళి టపాకాయ అంటారు, ఒక్కోసారి ఏమీ అనరు. ఈ వ్యాసం ఆ నాలుగో మందు గురించి.

అది ఇళ్ళలోకి ఎందుకు వస్తుందో ఉద్దానంలో ఉన్నవారికి వివరించనక్కరలేదు. వేరుశనగ, చిలగడదుంప వేసిన చేలో అడవిపందుల గుంపు ఒక్క రాత్రి దిగితే తెల్లారేసరికి దున్నినట్టు ఉంటుంది. జీడిపండ్ల కాలంలో, పనస పండే కాలంలో గుడ్డెలుగులు తోటల్లోకి వస్తాయి. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో ప్రాణాలు పోయాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. అటవీ శాఖవారు పట్టుకున్న ఆ ఎలుగు కూడా బతకలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరిని, జీడిని నేలమట్టం చేశాక మిగిలిన కాస్త పంటను కాపాడుకోవాలన్న ఆత్రం ఎంత ఉంటుందో మాకు తెలుసు. కాబట్టి తుపాకి పట్టిన రైతును దుర్మార్గుడని మేము అనము.

మాకు బాధ కలిగించేది మందు కొనే పద్ధతి. కొద్దికొద్దిగా కొంటే ధర ఎక్కువ, పదేపదే తిరగాలి, చూసేవాళ్ళు ఎక్కువ. అందుచేత నలుగురైదుగురు చందా వేసుకుని సీజను మొత్తానికి సరిపడా ఒకేసారి తెప్పించి ఒకరి ఇంట్లో పెడతారు. ఆ ఒకరి ఇంట్లో అటక మీదో, బియ్యం డబ్బా వెనుకో అది ఉంటుంది. పిల్లలు నిద్రపోయే గది, వంట చేసుకునే గది ఒకటే అయిన ఇళ్ళు మన పల్లెల్లో తక్కువేమీ కాదు.

సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన ఈ పొడికి గుణం ఒకటుంది. చిటికెడు బయట అంటుకుంటే భగ్గుమని ఆరిపోతుంది. అదే పొడి మూత బిగించిన డబ్బాలో ఉంటే, పుట్టిన వాయువుకు దారి లేక డబ్బాను చీల్చుకుని వస్తుంది. డబ్బా ముక్కలే తూటాలవుతాయి. బాణసంచా తయారయ్యే చోట్ల జరిగే ఘోరాలకు మూలం కూడా ఇటువంటి పొడులే. 2014 అక్టోబరులో తూర్పు గోదావరి జిల్లా వాకతిప్పలో పదిమందికి పైగా, 2025 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో 8 మంది అలా పోయారు. అవి పని కోసమే కట్టిన షెడ్లు. మన అటక అందుకోసం కట్టినది కాదు.

బారువ వంటి తీరపు ఊళ్ళలో ఇంకొక చిక్కు ఉంది. ఉప్పుగాలికి మందు నెమ్మెక్కుతుంది. ఎక్కువగా కొన్నకొద్దీ ఎక్కువ కాలం నిలవ ఉంటుంది, నిలవ ఉన్నకొద్దీ గడ్డ కడుతుంది. అప్పుడు ఆరబెట్టాలనిపిస్తుంది. రేకు మీద ఎండలో పెట్టడం, పొయ్యి దగ్గర వెచ్చచేయడం, గడ్డలను రాతితో నలగ్గొట్టడం, ఇవీ ప్రమాదం జరిగే ఘడియలు. అడవిలో తుపాకి పేల్చేటప్పుడు కంటే ఇంటి పెరట్లో ఈ పనులు చేసేటప్పుడే పక్కన ఆడవాళ్ళు, పిల్లలు ఉంటారు. చవకగా వచ్చిందని కొన్న మందులో మిగిలిన డబ్బు ఎంత ఉంటుందో, చేతికి చర్మం అతికించే ఆపరేషనుకు, దాని తర్వాత పని పోయిన నెలలకు అయ్యేది ఎంతో లెక్క వేసుకోండి.

వేటకు అనుమతి ఉన్న దేశాల్లో పెద్దమొత్తంలో కొనేవారు లేరా అని ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు. ఉన్నారు. అమెరికాలో వేటగాళ్ళు తూటాలు తామే నింపుకోవడానికి 8 పౌండ్ల డబ్బాలు కొంటారు. అయితే అక్కడి అగ్నిమాపక నియమావళి ప్రకారం ఇంట్లో పొగరాని మందు 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోలు మించితే కనీసం అంగుళం మందం గల చెక్కపెట్టెలో పెట్టాలి. తయారీదారు ఇచ్చిన డబ్బాలోనే ఉంచాలి, మరో సీసాలోకి మార్చకూడదు. మన దగ్గర చేతికి వచ్చే మందు ఏ డబ్బాలో వచ్చిందో, అందులో ఏముందో అమ్మినవాడికే తెలియదు.

ఇక్కడే ఒక ముఖ్యమైన హెచ్చరిక. పొగరాని మందు వేరు, పాతకాలపు నల్లపొడి వేరు. చూడడానికి రెండూ తుపాకి మందులే. నల్లపొడి కోసం చేసిన నాటు తుపాకీలో పొగరాని మందు పోస్తే గొట్టం ఆ ఒత్తిడికి తట్టుకోక పేల్చినవాడి ముఖం దగ్గరే చీలిపోతుంది. ఎడమచేతి వేళ్ళు, కుడికన్ను పోయేది ఎక్కువగా ఇలాగే.

చట్టం సంగతి క్లుప్తంగా. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను ప్రకారం నిజంగా పంట రక్షణ కోసమైతే గొట్టంలో మందు కూరే తుపాకికి లైసెన్సు అడిగే వీలు ఉంది. మందుగుండు ఎంత ఉంచుకోవచ్చో ఆ లైసెన్సులోనే రాస్తారు, కొనుగోలు లైసెన్సు ఉన్న దుకాణంలోనే. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన వేటకు అనుమతి వచ్చినట్టు కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఎలుగుకూ, అడవిపందికీ కూడా రక్షణ ఉంది. ప్రాణాపాయంలో ఆత్మరక్షణ కోసం చేసినది మాత్రం ఆ చట్టం నేరంగా చూడదు. పండులోనో, మాంసంలోనో మందు పెట్టి పందుల దారిలో వదిలే నాటు బాంబుకు ఏ లైసెన్సూ లేదు. దానిని పంది కొరుకుతుందో, పక్కింటి ఆవు కొరుకుతుందో, జీడిగింజలు ఏరుకునే పిల్ల చేతిలోకి తీసుకుంటుందో పెట్టినవాడు చెప్పలేడు.

ఇక ఆసుపత్రికి వచ్చాక. పేలుడు గాయమని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం మా విధి, ఆ విషయం దాచము. అయితే 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: వైద్యమే ముందు, కాగితాలు తర్వాత. పోలీసు వచ్చేదాకా గాయపడినవారిని ఏ డాక్టరూ ఆపి ఉంచకూడదు. కాబట్టి కారణం చెప్పండి. స్టౌ మంట అని మీరంటే మేము కాలిన చర్మం మాత్రమే చూస్తాము. పేలుడు అని తెలిస్తే చెవిపొర చిరిగిందా, ఊపిరితిత్తులకు దెబ్బ తగిలిందా, కడుపులోకి రేకుముక్క వెళ్ళిందా అని వెతుకుతాము. పైకి చిన్న రంధ్రంలా కనిపించేది లోపల పేగును కోసి ఉండవచ్చు. చర్మంలో చొచ్చుకుపోయిన పొడి రేణువులను మొదటి రోజుల్లోనే శుభ్రం చేయకపోతే పచ్చబొట్టులా జీవితాంతం ఉండిపోతాయి.

ఉద్దానంవారికి మరొక మాట, ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎక్కువ భాగం కాలితే ఒంట్లోని నీరు వేగంగా కారిపోయి మూత్రపిండాల మీద భారం పడుతుంది. ఆరోగ్యవంతుడికే అది గండం. మన ప్రాంతంలో క్రియాటినిన్ పెరిగి ఉన్నా తెలియనివారు ఎందరో. రోగికి కిడ్నీ జబ్బు ఉంటే, ఇంట్లో ఎవరికైనా ఉన్నా, వచ్చిన వెంటనే చెప్పండి, పాత రిపోర్టు ఉంటే తీసుకురండి. దారిలో నొప్పి తగ్గడానికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ సూది వేయించకండి. తుపాకి గుండ్ల కోసం ఇంటి పొయ్యి మీద సీసం కరిగించడం కూడా ఇటువంటిదే. సీసపు ధూళి పిల్లల మెదడుకూ, పెద్దల మూత్రపిండాలకూ చెరుపు చేస్తుంది. ఉద్దానం జబ్బుకు కారణం ఇదేనని మేము అనడం లేదు, ఉన్న భారానికి ఇంకొకటి ఎందుకని.

కాలిన వెంటనే చేయవలసినది: మంట నుండి దూరంగా తీసుకువచ్చి, కాలిన చోట మామూలు చల్లని నీటిని 20 నిమిషాలు ధారగా పోయండి. ఐసు వద్దు. ఉంగరాలు, గాజులు, మొలతాడు వాపు రాకముందే తీసేయండి. అంటుకుపోయిన బట్టను పీకకండి. సిరా, పేస్టు, గుడ్డుసొన, పేడ ఏదీ రాయకండి, ఉతికిన తడిలేని గుడ్డ కప్పి 108కి ఫోను చేయండి. తెగిన వేలు దొరికితే తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టి తీసుకురండి. వేలు ఐసుకు నేరుగా తగలకూడదు. కంటిలో ఏదైనా గుచ్చుకుంటే పీకవద్దు, నలపవద్దు, కంటికి తగలకుండా పైన ఒక పేపరు కప్పు బోర్లించి అంటించండి. కంటి విషయంలో మన ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది. సోంపేటలో డాక్టర్ బెన్ గలిసన్‌గారు చేసిన సేవను చూసి కదిలిపోయిన ఒక కెనడా వ్యాపారి చొరవతోనే 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టింది. అంత చరిత్ర ఉన్న చోట కూడా మూడు రోజులు ఆకుపసరు పోసుకుని వచ్చిన కన్నుకు చేయగలిగేది తక్కువ.

పందుల మాటేమిటని అడుగుతారు. సౌరశక్తితో నడిచే కంచె ఒక్కో విద్యుత్ దెబ్బ చిన్నదిగా ఇచ్చి జంతువును బెదరగొడుతుంది, చంపదు. ఇంటి కరెంటును నేరుగా తీగకు ఇవ్వడం అలా కాదు, రాత్రి నీళ్ళు కట్టడానికి వెళ్ళిన మనిషినే చంపుతుంది. కొందరు రైతులు కలిసి ఒకే కంచె వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది. మందుకు వేసుకునే చందా దానికి వేసుకోవచ్చు. జీడితోటకు చీకటితో ఒంటరిగా వెళ్ళకండి, మాట్లాడుకుంటూ, టార్చితో వెళ్ళండి. పంట నష్టానికి అటవీ శాఖకు అర్జీ పెట్టేటప్పుడు ఫోటో, వీఆర్వో సంతకం ఉంటే పని త్వరగా అవుతుంది.

ఇప్పటికే ఇంట్లో మందు ఉన్నవారు దానిని పొయ్యిలో వేయకండి, నూతిలో పారబోయకండి, డబ్బా మూత తిప్పకండి. పిల్లలను ఆ గది నుండి పంపించి, బారువ పోలీస్‌స్టేషనుకో, 112కో ఫోను చేయండి. నేరుగా చెప్పడానికి జంకితే ఊరి పెద్దలనో, మీ సంఘ కాపరినో వెంట తీసుకువెళ్ళండి.