ఏటి నీరును బావి నీరును ఒక్కటే

వేసవిలో వేగావతి సన్నగిల్లగనే, ఎగువవారు నీరంతయు మళ్లించుకొనిరని దిగువవారు తలంతురు. బావులు తగ్గినపుడు ఏటిగట్టున నున్న పంపులే కారణమని మరికొందరందురు. ఈ తగవు మాటలతో తీరదు, కొలతతో తీరును. ఆ కొలత రైతులకు సాధ్యమైనదే యని తెలుపుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

వేగావతి పాచిపెంట కొండలలో పుట్టి, సాలూరు ప్రక్కగా ప్రవహించి, వంగర మండలమందలి సంగమువద్ద నాగావళిని చేరుచున్నది. వానలు వెనుకబట్టిన పిదప గెడ్డలలోను ఏటిలోను పారు నీరెక్కడిది? వర్షకాలమున నేలలో నింకిన నీరే ఊటగా మెల్లమెల్లగా వెలువడుచున్నది. తూర్పు కనుమల రాయి గట్టిది. పైనున్న శిథిలమైన పొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. కావున ఈ నిలువ అపారమైనది కాదు.

బావిలోని నీటిమట్టము ఏటి మట్టముకంటె ఎత్తుగా నున్నచోట నేల ఏటికి నీరిచ్చును. తక్కువగా నున్నచోట ఏరే నేలకు నీరిచ్చును. ఒకే ఏరు ఒకచోట పుచ్చుకొనుచు, మరొకచోట ఇచ్చుచుండవచ్చును. గట్టుబావిని తోడినపుడు తొలుత ఏటికి రావలసిన ఊట తగ్గును. ఇంకను తోడినచో ఏటి నీరే బావికి మరలును. దీని ఫలితము మరునాడే కానరాదు. కొన్నిచోట్ల నెలలు పట్టును. అందుచేతనే ఒకరు తోడిన నీటికి మరొకరిపై నింద పడుచుండును.

కొలుచు విధము

కొన్ని దినములుగా వానలు లేనపుడు, ఏరు పూర్తిగా నెండకమునుపు, ఎగువను దిగువను ఏరు తిన్నగా పారు రెండు తావుల నేర్పరచుకొని, రెంటిని ఒకే దినమున కొలువవలెను. వెడల్పును సగటు లోతుచే గుణింపవలెను. పిదప 10 మీటర్ల దూరమును గుర్తించి, నిమ్మకాయను నీట విడిచి, అది ఎన్ని సెకండ్లలో ఆ దూరము దాటెనో చూడవలెను. పై నీరు అడుగు నీటికంటె వడిగా పారును గనుక, ఆ వేగములో 5లో 4 వంతులనే గ్రహింపవలెను.

ఉదాహరణమునకు, ఎగువ తావున వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 20 సెంటీమీటర్లు, నిమ్మకాయకు పట్టిన కాలము 40 సెకండ్లు అనుకొందము. అచ్చట సెకండునకు 160 లీటర్లు పారుచున్నవి. నడుమ ఒక గెడ్డ 10 లీటర్లు తెచ్చి, ఒక కాలువ 20 లీటర్లు కొనిపోయినచో దిగువను 150 ఉండవలెను. 130 మాత్రమే కనబడినచో 20 లీటర్లు నేలలోనికి పోయినట్లు లెక్క. అనగా దినమునకు 17 లక్షల లీటర్లకు పైమాట! దిగువను 150కి మించి కనబడినచో నేలయే ఏటికి నీరిచ్చినదన్నమాట.

అయినను తొందరపడి తీర్పు చెప్పరాదు. నిమ్మకాయ కొలతలో పదింట ఒక వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తేడా రావచ్చును. కావున ప్రతి తావున పలుమారులు కొలిచి సగటు కట్టవలెను. నెల నెలకు మరల కొలువవలెను. ప్రతిసారియు తేడా ఒకే వైపునకు మొగ్గినచో నమ్మవచ్చును. సమీపపు బావుల మట్టమును ఏటి మట్టముతో పోల్చి చూచినచో ఆ నమ్మకము స్థిరపడును. ఏటిలో నీరు పైకి కానరాకున్నను ఇసుకలో నడచుచుండును. చెలమ త్రవ్విన అది తెలియును.

ఇది రైతులకు మించిన పని కాదు. ఈ శతాబ్దపు తొలి దశకమున అనంతపురము మొదలైన కరవు జిల్లాలలో రైతులే తమ బావుల మట్టములను, వర్షపాతమును కొలిచి, పుస్తకములలో వ్రాసికొని, ఉన్న నీటికి తగిన పంటలను యోచించుకొనిరి.

సభ్యులారా! గట్టున క్రొత్త బోరు వేయుటకు ముందు ఒక్క వేసవి ఈ లెక్క వ్రాసి చూడుడు. ఎగువవారును దిగువవారును కలసి కొలిచిన లెక్క నిరువురును నమ్ముదురు. సహకారమునకు ఇంతకంటె తగిన పని వేరొకటి లేదని మా విశ్వాసము.