తవుడిచ్చి కొన్న కొడుకు తవిటయ్య!

విజయనగరం: మన జిల్లా పల్లెల్లో నలుగురు పెద్దలు కూర్చున్న రచ్చబండ దగ్గర నిలబడి "తవిటయ్యా!" అని కేక వేస్తే ఎవరో ఒకరు పలికే అవకాశం ఎక్కువ. కాకపోతే పలికే మనిషి వయస్సు యాభై దాటి ఉంటుంది. తవిటయ్య, తవిటినాయుడు, తవిటిరాజు, తవుడు అనే పేర్లు వినగానే పట్నవాసులకు నవ్వొస్తుంది. ఉద్యోగాలకని ఊరు దాటిన కుర్రవాళ్లు తండ్రి పేరు అడిగితే "టి. నాయుడు" అని పొడి అక్షరంతో సరిపెడుతున్నారు. ఆ పేరు ఎలా వచ్చిందో తెలిస్తే మాత్రం నవ్వు రాదు.

పుట్టిన బిడ్డలు వరసగా పోతున్న ఇంట మళ్లీ మగపిల్లవాడు పుడితే తల్లికి సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉండేది. ఇద్దరినో ముగ్గురినో మట్టిలో పెట్టి వచ్చిన ఇల్లు అది. వీడు నా బిడ్డ అని గట్టిగా అంటే దక్కడేమో అన్న బెంగ. అందుకని పసికందును చేటలో పడుకోబెట్టి ఇరుగుపొరుగు ఆడమనిషికి ఇచ్చేసేవారు. బిడ్డ ఇక ఆమెదే. తరువాత కన్నతల్లి మానెడు తవుడు కొలిచి ఇచ్చి బిడ్డను తిరిగి కొనుక్కునేది. వడ్లు దంచుకునే రోజుల్లో తవుడు గొడ్ల కుడితిలోకి పోయే సరుకు. "తవుడిచ్చి కొన్న గుంటడు, ఈడితో నీకేం పని?" అని చావుకు చెప్పి పంపడమన్నమాట. ఆడపిల్ల అయితే తవిటమ్మ.

పెంటయ్య పేరూ అలాంటిదే. బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పారేసినట్టు చేసి, దొరికినట్టుగా ఎత్తుకు తెచ్చుకునేవారు. కుప్పయ్య కూడా ఆ కుప్పలో దొరికినవాడే. పుల్లయ్య అంటే పుల్ల అనుకుంటారు చాలామంది. పుల్లాకు అంటే తిని పారేసిన ఎంగిలి విస్తరాకు. ఆ ఆకుల్లో పొర్లించి తెచ్చుకున్న బిడ్డ పుల్లయ్య అని పెద్దలు చెబుతారు. ఆ పేరుతోనే చిత్తజల్లు పుల్లయ్య, పి. పుల్లయ్య అనే ఇద్దరు దర్శకులు తెలుగు సినిమాలో వెలిగారు. పేరు వారికేమీ అడ్డం రాలేదు. ఇది మన జిల్లాకే పరిమితమైన ఆచారం కాదు. తెలంగాణలో భిక్షం, భిక్షమయ్య, భిక్షపతి అని వినిపించే పేర్లు కూడా అడిగి తెచ్చుకున్న బిడ్డలవే.

ఆ తల్లుల భయం ఉత్త మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. కానీ 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే కన్నుమూశారు. పల్లెల్లో ఇంకా ఎక్కువ. 2020 నాటికి ఈ సంఖ్య 28కి దిగింది. టీకాలు వచ్చాయి, కాన్పులు ఆస్పత్రులకు మారాయి. తవుడుతో పని లేకుండా పోయింది. ఊళ్లో తవిటయ్యలు తగ్గిపోవడం ఒకరకంగా శుభవార్తే.

ఇక దేవుళ్ల పేర్లకు వస్తే, మన ప్రాంతంలో పెద్దపీట సింహాచలం అప్పన్నదే. వరాహ నరసింహస్వామి అనే పేరు పూజారులకు. రైతుకు ఆయన అప్పన్న. పాత తెలుగులో అప్ప అంటే తండ్రి. మన వైపు అప్ప అని అక్కను కూడా పిలుస్తాం, అది వేరే సంగతి. ఆ అప్పన్న పేరున అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనర్సయ్య, సింహాద్రి అని ఎందరెందరో. సింహాచలం అని కొండ పేరే మనిషికి పెట్టేస్తారు. అది మగవారికీ ఉంది, ఆడవారికీ ఉంది. జాబితాలో సింహాచలం అన్న పేరు ఒక్కటే చూసి ఆడో మగో తేల్చలేక తికమకపడే గుమాస్తాలు లేకపోలేదు.

పైడితల్లి అమ్మవారి పేరున పైడిరాజు, పైడయ్య, పైడినాయుడు. పైడి అంటే బంగారం. 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధంలో విజయరామరాజు మరణించాక ఆయన చెల్లెలు పైడిమాంబ పెద్దచెరువులో ఐక్యమైందని కథ. చెరువులోంచి ఆమె విగ్రహాన్ని పైకి తెచ్చిన వ్యక్తిగా పతివాడ అప్పలనాయుడి పేరు చెబుతారు. అమ్మవారిని వెలికి తీసినవాడు అప్పన్న పేరింటివాడు కావడం విశేషం. బొబ్బిలిలో పుట్టిన ప్రసిద్ధ చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు పేరు అందరికీ తెలిసిందే.

అనకాపల్లి నూకాలమ్మ పేరున నూకరాజు, నూకయ్య. శ్రీకూర్మం స్వామి పేరున కూర్మారావు, కూర్మయ్య. వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం దేవుడి పేరున ముఖలింగం. ఊరి పేరు చెప్పకపోయినా ఇలాంటి పేరు వింటే మనిషిది ఏ మూలో తెలిసిపోతుంది. ఇప్పటి రెండక్షరాల పేర్లకు ఆ గుర్తు లేదు. అర్థమేమిటని అడిగితే తండ్రి సెల్‌ఫోన్ తీసి చూసి చెబుతున్నాడు!

పేరు మార్చుకోవడం తప్పేమీ కాదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు పుట్టినప్పటి పేరు సూర్యనారాయణ. కాకపోతే సిగ్గుతో కొట్టేసే ముందు ఆ పేరు ఎందుకు పెట్టారో ఇంట్లో పెద్దవారిని ఒకమాట అడగాలి. అడగడానికి పెద్దవారు ఉన్నప్పుడే అడగాలి.

కొత్తగా బిడ్డలు పుట్టినవారికి ఒక సూచన. జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. పేరు ఇంకా తేల్చుకోకపోతే పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోగా రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఆ తరువాతైతే రుసుము కట్టి 15 ఏళ్ల వరకూ చేర్చుకునే వీలుంది. తవిటినాయుడు, తౌటినాయుడు అని ఒక కాగితంలో ఒకలా, మరో కాగితంలో మరోలా పడితే పింఛను దగ్గర, భూమి పాసుపుస్తకం దగ్గర తిరగలేక చావాలి. ఏ పేరు పెట్టినా అక్షరాలు అన్నిచోట్లా ఒకేలా రాయించుకోవడం మంచిది.

తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. కొత్త పేరు ముందు పెట్టి, తాత పేరు వెనక తగిలిస్తున్నారు. బడిలో పిలిచేది ముందున్న పేరుతోనే. సాయంత్రం వీధిలో ఆటలాడుతున్న మనవణ్ని ముసలమ్మ మాత్రం "ఒరే తవుడూ, కూడు సల్లారిపోతంది, రారా!" అని పిలుస్తుంది.