పర్వతనామముల పంపకము

ఆటవస్తువులకు పేరులు పెట్టుటలో న్యాయాన్యాయ విచార మెందులకని మా పాఠకులలో కొందరు నవ్వవచ్చును. రేకుబిళ్ళకు ఏ పేరు పెట్టినను అది రేకుబిళ్ళయే గదా యనవచ్చును. మేమును మొదట నట్లే తలచితిమి. కాని యీ బిళ్ళల వెనుక రెండు శతాబ్దముల నాటి తగవొకటి దాగియున్నదని తెలిసిన పిమ్మట మాకు నవ్వు రాలేదు.

అమెరికాలో సియాటిల్ నగరమున నుద్యోగము చేయుచున్న మా మిత్రుని కుమారుడు గడచిన సెలవులలో ఇంటికి వచ్చినపుడు జేబులోనుండి యొక లోహపు బిళ్ళను తీసి మా చేతిలో బెట్టెను. ఒకవైపున మంచుకొండ బొమ్మ, దానిక్రింద రెయినియర్ అను పేరు. రెండవవైపున అంకెలును అక్షరములును గలిసిన గురుతు. బాగున్నది, దాచుకొమ్మని తిరిగి యీయబోతిమి. "ఇది నాది కాదు, బాబాయిగారూ. మన దేశములో ఎక్కడనైన దాచిపెట్టి పోవలెను. మరియొకరు వెదకి తీసికొని ఇంకొక చోటికి చేర్చెదరు" అని యతడు చెప్పెను.

ఈ యాటకు జియోకాషింగ్ అని పేరు. దీని పుట్టుక చిత్రమైనది. అమెరికా ప్రభుత్వము తన ఉపగ్రహములనుండి వచ్చు సంజ్ఞలను సైన్యమునకు స్పష్టముగాను, పౌరులకు బుద్ధిపూర్వకముగా మసకబార్చియు ఇచ్చుచుండెడిది. 2000 సంవత్సరము మే నెల ప్రారంభమున ఆ మసకను తొలగించిరి. వెంటనే, మే 3వ తేదీన, ఆరెగాన్ రాష్ట్రమున బీవర్‌క్రీక్ అను నూరి సమీపమున డేవ్ అల్మర్ అను నాతడు ఒక బకెట్టులో కొన్ని వస్తువుల నుంచి, అడవిలో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను లోకమునకు ప్రకటించెను. చేతిలోని యంత్రమును చూచుకొనుచు వెదకబోయినవారికి అది దొరకెను. మన పల్లెలలో కరణమును అమీనును గొలుసు పట్టుకొని సరిహద్దు రాతిని వెదకు పనియే యిది. పొలము తగాదా మాత్రము లేదు. నేడు ఇట్టి దాపులు లోకమంతట వ్యాపించియున్నవి. మన దేశమున వ్యాప్తి యింకను స్వల్పమే.

ఈ దాపులలో నొకదానినుండి మరియొకదానికి ప్రయాణము చేయు బిళ్ళలకు ట్రాకబుల్స్ అనియు, నాణెముల రూపమున నున్నవానికి జియోకాయిన్లనియు పేళ్ళు. ప్రతి బిళ్ళకును ఒక సంఖ్య గలదు. దొరకినవాడు ఆ సంఖ్యను నమోదు చేయగానే అది ఏ యూరినుండి ఏ యూరికి వచ్చినదియు బిళ్ళ సొంతదారునకు తెలియును. బిళ్ళకు పేరు పెట్టు హక్కు సొంతదారునిదే. అది ఎచ్చటికి పోవలెనో గమ్యము నిర్ణయించువాడును అతడే. కొందరు నాణెములను వరుసలుగా పోతపోయించి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు చెక్కించి, సేకరించువారికి విక్రయింతురు. కొండలెక్కువారికి ఈ యాటయన్న ప్రీతి మెండు గనుక పర్వతముల పేళ్ళు ఇట్టి వరుసలకు సహజముగా తోచును. ఇచ్చటనే చిక్కు వచ్చినది.

పది నాణెములున్నవనుకొందము. ఏ పది పర్వతముల పేళ్ళు పెట్టవలెను? ఎత్తైనవి పెట్టుమని సామాన్యుడు చెప్పును. అమెరికా సంయుక్త రాష్ట్రములనే తీసికొందము. అచ్చట మిక్కిలి ఎత్తైన పది శిఖరములును ఒక్క అలాస్కాలోనే యున్నవి. 4,421 మీటర్ల ఎత్తుతో కాలిఫోర్నియాకు తలమానికమైన విట్నీ పర్వతమునకు కూడ ఆ పంక్తిలో చోటు దొరకదు. తూర్పు తీరపు వారి సంగతి చెప్పనే యక్కరలేదు. మిసిసిపీ నదికి తూర్పున నున్న కొండలన్నిటిలోను పెద్దదియైన మిచెల్ పర్వతము 2,037 మీటర్లే. తరతరములుగా అపలాచియన్ కొండలలో కాపురముండి, అచ్చటి బొగ్గుగనులలో బ్రతుకులు వెళ్ళబుచ్చిన జనులకు తమ కొండ పేరు ఒక బిళ్ళమీదనైనను కానరాదు. ఇక లోకము మొత్తమునకు ఇదే సూత్రమును పట్టించితిమా, 8,000 మీటర్లు మించిన పదునాలుగు శిఖరములును హిమాలయ కారకోరములలోనే గలవు. ఆఫ్రికా, ఐరోపా, అమెరికా ఖండములకు మిగులునది సున్న. ఇందువలన మన ఖండమునకు లాభమే గదా యని సంతోషించువారు గలరేమో. ఆ సంతోషము మాకు లేదు. కొలబద్ద వంకరయైనపుడు అది మన వైపునకు వంగినను వంకరయే.

రెండవ కొలబద్ద యొకటి గలదు. సముద్రమట్టమునుండి గాక, ఒక శిఖరమునుండి బయలుదేరి దానికంటె ఎత్తైన మరియొక శిఖరమును చేరుటకు కనీసము ఎంత దిగవలెనో చూచుట. ఎంత యెక్కువ దిగవలసివచ్చిన ఆ కొండ అంత స్వతంత్రమైనది. ఎత్తైన పీఠభూమిమీద కూర్చుండి గొప్పలు చెప్పుకొను శిఖరములు ఈ పరీక్షకు నిలువవు. 8,611 మీటర్ల కె-2 శిఖరమును, దాని యెత్తులో సగమునకు కొంచెము మించిన రెయినియర్ పర్వతమును ఈ లెక్కలో దాదాపు సమానములు. రెండింటికిని 4,000 మీటర్లకు పైబడిన దిగుడున్నది. మేడమీద నిలిచినవానికిని నేలమీద నిలిచినవానికిని ఎత్తు సరిచూచునపుడు మేడ యెత్తును తీసివేయవలెనని మన పిల్లవాండ్రకును తెలియును. నాణెముల వరుసలు కూర్చువారికి ఈ యుపాయము ఏల తట్టదో మాకు బోధపడదు.

ఐనను మా యభిమానము మూడవ పద్ధతిమీదనే గలదు: ప్రతి ప్రాంతమునుండి ఆ ప్రాంతపు పెద్దకొండను గ్రహించుట. అమెరికాలో ఏబది రాష్ట్రముల పెద్దకొండలను వరుసగా ఎక్కువారు చాలమంది గలరు. అందులో ఫ్లారిడా రాష్ట్రపు వంతు బ్రిటన్ హిల్. ఎత్తు 105 మీటర్లు! దానిని కొండయనుటకు మన యూరి పశువులకాపరి కూడ సందేహించును. కాని ఫ్లారిడావారికి అదియే యెత్తు. బిళ్ళమీద దాని పేరు చెక్కిన నష్టమేమి? బిళ్ళ యెత్తునకిచ్చు బహుమానము కాదు. ఊరి పేరు మోసికొని తిరుగు చిన్న దూత.

పంపకపు పద్ధతిలో తగవులుండవని మేము చెప్పము. ఏడు ఖండముల పెద్దకొండల నెక్కవలెనను సంకల్పమును అమెరికావాసి రిచర్డ్ బాస్ 1985లో మొట్టమొదట నెరవేర్చుకొనెను. ఆస్ట్రేలియా ఖండమునకు అతడెంచుకొన్నది 2,228 మీటర్ల కోసియుస్కో కొండ. అదేమి కొండ, నడిచి పోవచ్చునని ఇటలీవాడగు మెస్నర్ ఆక్షేపించి, 4,884 మీటర్ల ఎత్తుగల న్యూగినీ ద్వీపపు కార్‌స్టెన్స్ శిఖరమునే లెక్కలోనికి గొనెను. ఆ ద్వీపభాగము రాజ్యరీత్యా ఇండొనీషియాది. ఖండమనగా నేమి, దాని యెల్ల యెక్కడ అను వివాదము ఇంకను సాగుచునే యున్నది. ఎక్కువారు మాత్రము ఎక్కుచునే యున్నారు. నిజామాబాదు జిల్లాలో పుట్టి, భువనగిరి బండమీద శిక్షణ పొంది, 2014 మే 25న పదుమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ 2022 నాటికి సప్తఖండ శిఖరములను ముగించినది. ఎల్లల తగవు తీరువరకు ఆ బాలిక ఆగియుండిన మనకు ఈ కీర్తి దక్కెడిది కాదు.

ఏ కొండ యను ప్రశ్న తీరినను, ఏ పేరు అను ప్రశ్న మిగులును. మా దృష్టిలో ఇదియే గడ్డుది.

మా చేతికి వచ్చిన బిళ్ళనే చూడుడు. సియాటిల్ వాసులకు ఆకాశము నిర్మలమైన దినమున కనబడు ఆ మంచుకొండను అచ్చటి ఆదిమజనులు టకోమా యనియు, టహోమా యనియు పిలుచుచుండిరి. 1792లో ఆంగ్ల నావికుడు వాంకూవర్ ఓడమీదనుండి దానిని చూచి తన స్నేహితుడగు పీటర్ రెయినియర్ పేరు పెట్టెను. ఈ రెయినియర్ ఎవరు? అమెరికా స్వాతంత్ర్య సమరమున అమెరికావారిపైనే పోరాడిన ఆంగ్ల నౌకాధికారి. ఆ పర్వతమును ఏనాడును చూచినవాడు కాడు. తరువాతి కాలమున టకోమా పట్టణమువారు పాత పేరే యుండవలెనని పట్టుబట్టిరి. సియాటిల్ వారు కాదనిరి. 1890లో ప్రభుత్వ నామనిర్ణయ సంఘము రెయినియర్ పేరునే స్థిరపరచెను. మన పాఠకులు గమనింపవలసిన విశేష మొకటి గలదు. ఈ రెయినియరే 1794 మొదలు 1805 వరకు మన సముద్రములలోని ఆంగ్ల నౌకాబలమునకు సేనాధిపతి. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్టణపు రేవులో ఫ్రెంచి నౌకల ధాటికి దెబ్బతిన్న సెంచూరియన్ అను యుద్ధనౌక ఇతని దళములోనిదే. మన తీరమున కాపలా కాయుచున్న దొర పేరు ఎక్కడనో భూగోళపు రెండవవైపున నున్న కొండకు అంటుకొని, రెండువందల యేండ్లు గడచినను వదలలేదు!

ఎవరెస్టు కథ మనకు మరింత సన్నిహితము. 1802లో మద్రాసు సెయింటు థామస్ మౌంటు చెంత ల్యాంబ్టన్ దొర మొదలిడిన మహా భూమాపనమున సహాయకుడుగా 1818లో హైదరాబాదునకు వచ్చినవాడు జార్జి ఎవరెస్టు. కృష్ణాగోదావరుల నడిమి అడవులలో కొలతలు వేయుచు, మన మన్యపు జ్వరము తగిలి, చికిత్సకై సముద్రము దాటిపోయెను. ఆ జ్వరమైన మనదగ్గర సంపాదించుకొనెను గాని, తన పేరు మోయు శిఖరముతో అతనికి నిమిత్తము లేదు. అతడు ఉద్యోగము మానిన తరువాతనే దాని యెత్తు లెక్క తేలినది. ఆ లెక్కలు కట్టిన గణితవేత్తలలో ముఖ్యుడు వంగదేశీయుడగు రాధానాథ సిక్‌దార్. తన పేరు హిందీలో వ్రాయుటకు వీలుపడదనియు, హిందూదేశపు వారికి నోరు తిరుగదనియు ఎవరెస్టే 1857లో అభ్యంతరము చెప్పెను. వినినవారు లేరు. 1865లో ఆ పేరే ఖాయమైనది. టిబెట్టువారి చోమోలుంగ్మ, నేపాళీయుల సాగరమాత అను పేళ్ళకు లోకపు పటములలో కుండలీకరణములే గతియైనవి.

అలాస్కా కథ నిన్నమొన్నటిది. 1896లో బంగారము వెదకబోయిన యొకడు అచ్చటి మహాపర్వతమునకు ఒహైయో రాష్ట్రపు రాజకీయవేత్త మెకిన్లీ పేరు తగిలించెను. స్థానికులు దెనాలి యనుచునే యుండిరి. 1975లో అలాస్కా రాష్ట్రము పాత పేరు నిమ్మని కోరగా, ఒహైయో ప్రతినిధి యొకరు దశాబ్దముల తరబడి అడ్డుపడిరి. కొండ యొకరిది, పేరు మరియొకరిది. రెండింటికిని నడుమ దూరము వేలకొలది మైళ్ళు. 2015లో దెనాలి పేరును పునరుద్ధరించిరి. 2025 జనవరిలో మరల మెకిన్లీ యని ఆజ్ఞ వచ్చినది. దెనాలియే యుండవలెనని అలాస్కా శాసనసభ చేసిన తీర్మానము కాగితముమీద నున్నది.

ఇన్ని తగవులలోను పేరు పెట్టినవాడు ప్రభువో, ప్రభువు పంపిన కొలతగాడో. ఈ బిళ్ళల విషయమున మాత్రము ఆ యధికారము సామాన్యుని చేతికి వచ్చినది. పది రూపాయల రేకునకు పేరు పెట్టుటకు ఏ శాసనసభ యనుమతియు నక్కరలేదు. అందుచేతనే సామాన్యుడును ప్రభువు చేసిన పనినే చేయుట చూచి మాకు చింత కలుగుచున్నది. ప్రసిద్ధమైన పది పేళ్ళను పటమునుండి ఎత్తి వ్రాయుట సులభము. ఏ కొండక్రింద ఎవరున్నారో, వారు దానిని ఏమని పిలుతురో విచారించుట కష్టము. అట్లని రెయినియర్ బిళ్ళలను కరగించుడని మేము కోరము, తిరుగుచున్నదానిని తిరుగనిండు. ఇక పోతపోయు వానిమీదనైన కొండక్రింది జనుల పేరు ముందు వ్రాసి, పటములోని పేరు వెనుక వ్రాయుడనియే మేము చెప్పునది. అక్షరములు చెక్కుటకు రెండు ప్రక్కలు ఉండనే యున్నవి.

మా మిత్రుని కుమారునకు ఈ మాటలన్నియు చెప్పితిమి. అతడు శ్రద్ధగా విని, బిళ్ళను విశాఖపట్టణము తీసికొనిపోయి సముద్రమెదుట నొక రాతిసందున దాచివచ్చెను. సేనాధిపతిగారు తమ ఓడ దెబ్బతిన్న రేవునకు మరల కాపలా వచ్చిరన్నమాట. తిరుగు ప్రయాణమునకు ముందు రోజున అతడు మరల వచ్చి, "బాబాయిగారూ, నేనే యొక బిళ్ళ చేయింతును. మన తూర్పుకనుమల పెద్దకొండ పేరు పెట్టెదను. పేరు చెప్పుడు" అని కాగితము కలము తీసెను. అర్మకొండ యని చెప్పితిమి. అతడు తన యంత్రములో వెదకి, జిందగడ యని కూడ వ్రాసియున్నదే, రెండింటిలో కొండవాండ్రు పిలుచుకొను పేరేది యని యడిగెను.

సుమారు 1,680 మీటర్ల ఎత్తున, అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్న ఆ శిఖరమును పేరుపేరున పొగడుచు వ్యాసములు వ్రాసిన మేము ఆ దినమున నోరు మెదపలేకపోతిమి. పాడేరు ప్రాంతమున పనిచేయు ఉపాధ్యాయులొకరు మాకు పరిచితులు. వారికి ఆ రాత్రియే జాబు వ్రాసితిమి. కొండ మొదటనున్న గూడెములకు పోయి ముసలివాండ్ర నడిగి, వారు పలికినది పలికినట్లు వ్రాసి పంపవలెనని కోరితిమి. జాబు వచ్చువరకు బిళ్ళ పోత నిలిపియుంచుమని ఆ యువకునకు చెప్పి విమానమెక్కించితిమి.