దిగి రావాలని పెట్టిన సంతకం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో సర్వీసు ముగించుకుని వచ్చిన వాళ్లందరికీ ఒకటే పేరు: మిలిట్రీ ఆయన. మంచుకొండల్లో తుపాకీ పట్టినా, హ్యాంగర్‌లో స్పానర్ పట్టినా తేడా లేదు. ఎయిర్‌ఫోర్స్ అని విడమరిచి చెప్పాడో, తర్వాతి ప్రశ్న తప్పదు.

“విమానం తోలినావా మామా?”

“తోలలేదబ్బోడా. తోలినోడు దిగొచ్చేట్టు చూసినా.”

ఆ జవాబుతో పిల్లల ఉత్సాహం నీరుగారిపోతుంది. సినిమాలు మాత్రం తక్కువ తిన్నాయా? కెమెరా కాక్‌పిట్ దిగి రాదు.

అసలు పని కిందే ఉంది. విమానం కదలాలంటే ముందు ఫారం 700 నిండాలి. ఇంజిన్, ఎయిర్‌ఫ్రేమ్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంట్, రేడియో, ఆయుధాలు... ఏ ట్రేడువాడు ఆ ట్రేడు చూసుకుని సంతకం పెడతాడు. అన్నీ చూశాక చివర పైలట్ పెడతాడు. తిరిగొచ్చాక ఏ తేడా కనిపించినా ‘స్నాగ్’ కింద అందులోనే ఎక్కుతుంది. పని మొదలెట్టేముందు పనిముట్లు లెక్క, ముగిశాక మళ్లీ లెక్క. ఒక్క స్పానర్ తగ్గిందంటే అది దొరికేదాకా విమానం అక్కడే. కంట్రోల్ కేబుళ్ల మధ్య ఇరుక్కుందేమో ఎవరికి తెలుసు!

లాక్ వైర్ చుట్టడం చూస్తే ఈ వృత్తి ఎలాంటిదో తెలుస్తుంది. బోల్టు తల రంధ్రంలోంచి సన్నటి తీగ దూర్చి, రెండు కొసలూ సమంగా పురిపెట్టి, పక్క బోల్టుకు బిగిస్తారు. ఏ బోల్టు వదులు కాబోయినా తీగ దాన్ని బిగిసే వైపే లాగాలి. తిరగేసి కట్టారా, ఉన్నా లేనట్టే. చివర మిగిలిన ముక్కని లోపలికి వంచాలి, లేకపోతే తర్వాత చెయ్యి పెట్టేవాడి వేలు తెగుతుంది. తన తర్వాత వచ్చేవాడి వేలు గురించి కూడా ఆలోచించే పని ఇది.

ఈ పల్లెల వాళ్లకి బెంగళూరు పక్కూరు లెక్కే. కుప్పంలో పొద్దున్నే రైలెక్కి బంగారుపేట మీదుగా కృష్ణరాజపురంలో దిగి డ్యూటీకి పోయేవాళ్లున్నారు. ఆ బెంగళూరులోనే 1940లో పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం అండతో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీ పెట్టాడు. ప్రపంచయుద్ధ కాలంలో అది అమెరికన్ విమానాల మరమ్మతు శాలగా మారింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఆ తర్వాతది. యుద్ధం ముగిశాక లిబరేటర్ బాంబర్లను మళ్లీ ఎవరూ ఎగరేయకుండా ధ్వంసం చేసి కాన్పూరులో పడేసిపోయారు. మనవాళ్లు ఆ తుక్కులోనే వెతికి, ఒకదాని భాగం ఇంకొకదానికి తగిలించి, ఎగిరేంతవరకు బాగుచేశారు. వాటిని జంషెడ్ మున్షీ అనే టెస్ట్ పైలట్ బెంగళూరు దాకా నడుపుకొచ్చాడు. అక్కడ పూర్తిగా బాగుచేసి నలభైకి పైగా విమానాలను వాయుసేనకిచ్చారు. 1948 చివర్లో 5వ స్క్వాడ్రన్ వాటితోనే మొదలైంది. చివరివి 1968 దాకా ఎగిరాయి.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విమానాల పని చాలక ఆ ఫ్యాక్టరీ రైలు పెట్టెలు, బస్సు బాడీలు కూడా చేసింది. 1951లో అక్కడి డిజైనర్ ఘాటగే రూపొందించిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం ఎగిరింది. 1961లో జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్ చేతుల మీదుగా మారుత్ యుద్ధవిమానం వచ్చింది. ఒళ్లు చక్కగా కుదిరింది కానీ తగిన ఇంజిన్ దొరకలేదు. ఆ ఇంజిన్ కొరత ఇప్పటికీ మనల్ని వదల్లేదు.

బరంపురంలో 1943లో పుట్టిన కోట హరినారాయణ 1960ల చివర్లో చేరింది ఈ ఫ్యాక్టరీలోనే. తర్వాత తేలికపాటి యుద్ధవిమానం ప్రోగ్రామ్ డైరెక్టర్ అయ్యారు. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టింది. విమానాన్ని కంప్యూటర్ ద్వారా అదుపు చేసే ‘ఫ్లై బై వైర్’ పని మీద అక్కడున్న మన ఇంజినీర్లని వెనక్కి పంపేసింది. మిగిలిన పని బెంగళూరులోనే పూర్తిచేశారు. 2001 జనవరి 4న టెస్ట్ పైలట్ రాజీవ్ కొఠియాల్ ఆ విమానాన్ని 18 నిమిషాలు ఎగరేసి దించాడు. అదే తేజస్. మరుసటి ఏడే హరినారాయణకు పద్మశ్రీ వచ్చింది, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వైస్‌ఛాన్సలర్ పదవీ దక్కింది.

మన మిలిట్రీ ఆయనకి పద్మశ్రీ రాదు, పెన్షన్ వస్తుంది. ఇంటర్ అయ్యీ కాకముందే చేరి, జాలహళ్లిలోనో తాంబరంలోనో ట్రేడు నేర్చుకుని, ఇరవై ఏళ్లు చేసి, నలభై దాటకముందే ఇల్లు చేరతాడు. ఈలోపు ఆ ఇంటిని నడిపింది భార్య. రెండు మూడేళ్లకోసారి ట్రంకుపెట్టెలు సర్దింది. కేంద్రీయ విద్యాలయంలో చదివిన పిల్లలు తాతతో హిందీలో మాట్లాడితే సర్దిచెప్పిందీ ఆమే. ఊరొచ్చాక ఆయన మల్బరీ తోట వేస్తాడు, లేదంటే బ్యాంకు దగ్గర గార్డు ఉద్యోగం చూసుకుంటాడు. మోటారు పాడైతే ఊరంతా ఆయన కోసమే వస్తుంది. ఏటా నవంబరులో తాను బతికే ఉన్నానని సర్టిఫికెట్ ఇస్తాడు.

చిక్కొచ్చేది ఆయన పోయాక. పెళ్లయిన కొత్తలో ఎవరో గుమాస్తా సర్వీసు రికార్డులో భార్య పేరు లక్ష్మమ్మ అని రాసుంటాడు, ఆధార్‌లో లక్ష్మీదేవి అని ఉంటుంది. పుట్టినతేదీ కూడా కలవదు. ఆ ఒక్క తేడాకే కుటుంబ పెన్షన్ నెలల తరబడి ఆగిపోతుంది. ఇరవై ఏళ్లు ఫారం 700లో ఒక్క గడి ఖాళీగా వదలని మనిషి సొంత కాగితాల్లో ఈ స్నాగ్ చూసుకోడు. ఆయన ఉండగానే ఇద్దరి జాయింట్ ఫొటో, ఆమె ఆధార్, బ్యాంకు జాయింట్ ఖాతా పాస్‌బుక్ పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, పేరు సరిచేయించమని దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ కూడా అడిగేది ఆయన సంతకమే.