షేవింగ్ ఖర్చు తగ్గాలంటే.. రేజర్ ధర కాదు, ఒక్కో షేవింగ్‌కు ఎంత పడుతుందో చూడాలి

మోత్కూర్: సెలూన్‌లో ఒక షేవింగ్‌కు రూ.50 అనుకుందాం. రోజు విడిచి రోజు చేయించుకుంటే నెలకు 15 సార్లు, అంటే రూ.750. ఏడాదికి రూ.9,000. బట్టల షాపులోనో, మెడికల్ షాపులోనో జీతానికి పనిచేసే కుర్రాడికి ఇది చిన్న మొత్తం కాదు. గడ్డం ఉంచుకునేవాళ్లకు కూడా చెంపల మీద, మెడ దగ్గర ఖత్ తీయించుకునే ఖర్చు ఎలాగూ ఉంటుంది.

ఇంట్లో గీసుకుంటే తగ్గుతుంది. కానీ ఏ రేజర్‌తో అన్నదే అసలు సంగతి. రూ.20 పెట్టి వాడి పారేసే రేజర్ కొంటే చవక అనిపిస్తుంది. నాలుగుసార్లకే మొద్దుబారితే నెలకు నాలుగు కావాలి, రూ.80 అవుతాయి. మూడు, నాలుగు బ్లేడ్లుండే కాట్రిడ్జ్ ఒకటి రూ.150 అనుకుని, ఎనిమిదిసార్లు వచ్చిందనుకున్నా నెలకు రూ.300. అదే తాతల కాలం నాటి స్టీల్ రేజర్‌లో రెండువైపులా పదునుండే బ్లేడు వేస్తే? బ్లేడు రూ.3, నాలుగు షేవింగ్‌లు అనుకుంటే నెలకు రూ.12. రేజర్‌కు మొదట్లో రూ.200 పెట్టినా, మరుసటి నెల నుంచి అంతా మిగులే. రేట్లు షాపును బట్టి మారతాయి, లెక్క తీరు మాత్రం ఇదే.

బ్లేడ్లు ఎక్కువైతే మనకు ఇంకో తిప్పలు. ఒక పెద్ద కంపెనీ భారత్ కోసం చేసిన రేజర్‌ను ముందుగా అమెరికాలో చదువుకునే భారతీయ విద్యార్థులతో వాడించి చూసింది. అక్కడ బాగానే పనిచేసింది. ఇక్కడ చాలామంది ధారగా పడే కుళాయి కింద కాదు, చెంబులోనో గ్లాసులోనో నీళ్లు పెట్టుకుని గీసుకుంటారు. దాంతో వెంట్రుకలు బ్లేడ్ల మధ్య ఇరుక్కుపోయాయి. ఆ తర్వాతే 2010లో ఒకే బ్లేడుతో జిల్లెట్ గార్డ్ వచ్చింది. అప్పట్లో రేజర్ రూ.15, కాట్రిడ్జ్ రూ.5. స్టీల్ రేజర్ అంటే భయపడేవాళ్లకు ఇలాంటిది నయం.

స్నానం చేశాక గీసుకుంటే వెంట్రుక మెత్తబడి ఉంటుంది, బ్లేడు ఎక్కువ రోజులొస్తుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే నురగ సరిగా రాదు, భగీరథ నీళ్లు వాడితే మేలు. డబ్బా ఫోమ్ కన్నా క్రీము, బ్రష్ చాలా రోజులొస్తాయి. చిన్నగా తెగితే పటిక చాలు. స్టీల్ రేజర్‌ను నొక్కకూడదు, దాని బరువు మీదే జారనివ్వాలి. మొదటి వారం తొందరపడితే తెగడం ఖాయం. వాడాక బ్లేడును గుడ్డతో తుడవకుండా, కడిగి విదిలించి ఆరబెట్టాలి.

ఇంట్లో తండ్రీకొడుకులు ఒకే బ్లేడు వాడటం మాత్రం పొదుపు కిందికి రాదు. కంటికి కనిపించనంత రక్తం అంటినా హెపటైటిస్ బి సోకే ప్రమాదం ఉంది. సెలూన్‌కు వెళ్లినా కొత్త బ్లేడు కళ్ల ముందే వేయమని అడగాలి. పాత బ్లేడ్లను చెత్తబుట్టలో వేస్తే మున్సిపాలిటీ కార్మికుల చేతులు తెగుతాయి. ఖాళీ డబ్బా మూతకు సన్నని గాటు పెట్టి అందులో వేస్తూ పోతే సరిపోతుంది.