కంప్యూటరుకు చెమట పట్టదు

సావనీరుకు ఏదైనా వ్రాసి ఇవ్వమని సంపాదక మిత్రుడు వారం రోజులుగా నా వెంట పడుతున్నాడు. కవిత్వం నాకు రాదు. కథలు వ్రాసేవాళ్ళు మన కాలేజీలో కావలసినంతమంది ఉన్నారు. అందుచేత నాకు స్వయంగా తెలిసిన ఒకే ఒక్క విషయం వ్రాస్తున్నాను. వేసవిలో మా నాన్న కొట్లో కంప్యూటరు మొరాయించిన వైనమూ, దాన్ని దారికి తెచ్చుకున్న విధమూను. ఫిజిక్సు వాళ్ళు తప్పులుంటే మన్నించాలి. ఆర్ట్సు వాళ్ళు భయపడకుండా చదవాలి.

మాది పల్నాడు. ఎండలు ముదిరినప్పుడల్లా పేపర్లో పేరు పడే రెంటచింతల మా ఊరికి ఎంతో దూరం లేదు. మే నెలలో 45 డిగ్రీలంటే మాకు వింత కాదు. నాన్నది బస్టాండు పక్కన జిరాక్సు కొట్టు. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, పైన రేకులు. అందులోనే జిరాక్సు మిషను, లేజరు ప్రింటరు, కాగితాల కట్టలు, నాన్న, సెలవుల్లో నేను. పాత కంప్యూటరు కేబినెట్టు చోటంతా తినేస్తోందని దాన్ని తీసేసి, అరచేతి వెడల్పుండే మినీ పీసీ ఒకటి కొన్నాం. దుమ్ము పడుతుందని, ఎవరైనా ఎత్తుకుపోతారని నాన్న వడ్రంగి చేత దానికొక చెక్కపెట్టె చేయించి, తాళం కూడా వేశాడు. వైర్లు మాత్రం బయటికొచ్చేవి.

ఒక ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు ఆఖరి రోజది. మధ్యాహ్నం నుంచే కంప్యూటరు నత్తనడక పట్టింది. సాయంత్రం మిరపకోతలకు పోయే ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల వివరాలన్నీ ఎక్కించాను, ఫోటో పెట్టాను, ఫీజు కట్టబోతుండగా తెర నల్లబడింది. మళ్ళీ వేస్తే అయిదు నిమిషాలకు మళ్ళీ ఆగింది. "ఏందయ్యా, మా పిల్లది అయినట్టా కానట్టా?" అని ఆవిడ అడుగుతుంటే నా నోట మాట రాలేదు. ఆ రాత్రి కాలేదు. మర్నాడు ఆలస్య రుసుముతో కట్టాం. ఆ రుసుము నాన్న తన జేబులోంచి ఇచ్చాడు, ఆవిడ వద్దంటున్నా.

అసలు జరిగిందేమిటి? కంప్యూటరు తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. మా మినీ పీసీ గట్టిగా పనిచేస్తే 30 వాట్లు. పాత గుండు బల్బుతో పోల్చినా తక్కువే. కాని ఆ వేడిలో అధికభాగం పుట్టేది గోటంత చిప్పులో. చిప్పుకూ చుట్టూ ఉన్న గాలికీ మధ్య తేడా ఉంటేనే వేడి బయటికి పారుతుంది. గది 25 డిగ్రీలున్నప్పుడు చిప్పు 75 దగ్గర నిలిచిందనుకోండి, అనగా 50 డిగ్రీల తేడా. అదే పని, అదే ఫ్యాను, గది 45 అయితే చిప్పు 95కి పోతుంది. ఇలాంటి ప్రాసెసర్లు చాలావాటికి హద్దు 100 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. హద్దు దగ్గర పడగానే చిప్పు తన వేగం తానే తగ్గించుకుంటుంది. మా నత్తనడకకు కారణం అదే. అప్పటికీ తగ్గకపోతే ప్రాణం కాపాడుకోవడానికి ఆగిపోతుంది. నేను వైరస్ అనుకుని రెండు రోజులు వృథా చేశాను.

ఇక చెక్కపెట్టె సంగతి. అందులో గాలి సుమారు 20 లీటర్లు, బరువు 24 గ్రాములు. వేడి ఎటూ పోని పక్షంలో 30 వాట్లు ఆ గాలిని సెకనుకు ఒక డిగ్రీ పైనే వేడెక్కిస్తాయి. చెక్క కొంత పీల్చుకుంటుంది, సందుల్లోంచి కొంత పోతుంది కాబట్టి అంత ఘోరం జరగదు. కాని పీసీ వెనకనుంచి వదిలిన వేడిగాలి పెట్టె గోడకు తగిలి, తిరిగి పక్క రంధ్రాల్లోంచి లోపలికే పోతోంది. దుప్పటి ముసుగులో పడుకున్నవాడు తన ఊపిరి తానే పీల్చుకున్నట్టు. పైగా పెట్టె పక్కనే లేజరు ప్రింటరు. పొడిని కరిగించి కాగితానికి అంటించే రోలరు దాంట్లో సుమారు 200 డిగ్రీలకు కాగుతుంది.

సలహాలకు కొదవ లేదు. ఒకాయన తడిగుడ్డ కప్పమన్నాడు. ఇంకొకాయన ఐసుగడ్డల సంచి పెట్టమన్నాడు. రెండూ ప్రమాదమే. చల్లని లోహం మీద గాలిలోని తేమ చుక్కలుగా దిగుతుంది. కూల్‌డ్రింకు సీసాకు పట్టే తడి అదే. సర్క్యూటుకు వేడికన్నా నీళ్ళు పెద్ద శత్రువు. టేబులు ఫ్యాను పెడదామన్నాను నేను. మనకు ఫ్యాను గాలి చల్లగా తగిలేది చెమట ఆరిపోవడం వల్ల. కంప్యూటరుకు చెమట పట్టదు. 45 డిగ్రీల గాలి ఎంత విసిరినా అది 45 కిందకు రాదు. అయితే ఫ్యాను దండగ అని కాదు. పేరుకున్న వేడిగాలిని తరిమేస్తుంది, అదీ మేలే. లెక్క వేస్తే, గాలి పది డిగ్రీలు మాత్రమే వేడెక్కేలా ఆ 30 వాట్లనూ మోసుకుపోవడానికి సెకనుకు రెండున్నర లీటర్ల గాలి చాలు. కావలసింది తుఫాను కాదు, రావడానికొక దారీ పోవడానికొక దారీ.

వడ్రంగిని మళ్ళీ పిలిపించి వెనక పలక ఊడదీయించాను. గోడకు జానెడు ఎడం ఇచ్చి, పెట్టె అడుగున రంధ్రాలు పెట్టించి దాన్ని నాలుగు చెక్కముక్కల మీద నిలిపాం. పీసీ కింద నాలుగు సీసా మూతలు. ప్రింటరు అవతలి మూలకు పోయింది. తరువాత పీసీ విప్పాను. ఫ్యాను రెక్కల వెనక కాగితం నూగు, దుమ్ము కలిసి పరుపులా పేరుకుంది! బ్రష్షుతో తీశాను. (ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోవాలి; విపరీతంగా తిరిగితే ఫ్యాను చెడుతుంది.) చిప్పుకూ లోహపు దిమ్మెకూ మధ్య రాసే పేస్టు ఎండి బీటలిచ్చింది. ఆ పేస్టు పని కంటికి కనపడని సందుల్లోని గాలిని తొలగించడం, ఎందుకంటే గాలి వేడిని మోయడంలో మహా బద్ధకస్తురాలు. కొత్తది కందిగింజంత పెట్టాను. దోసె మీద వెన్న పూసినట్టు పూస్తే పనికిరాదు.

ఇంకొక చిట్కా డబ్బు ఖర్చు లేనిది. విండోస్‌లో పవర్ సెట్టింగులకు పోయి ప్రాసెసరు గరిష్ఠ స్థాయిని 100కు బదులు 99 శాతం చేస్తే, చాలా మిషన్లలో అది అదనపు ఉరుకు మానేస్తుంది. దరఖాస్తులు నింపడానికి ఆ ఉరుకు అక్కరలేదు. అన్నీ అయ్యాక అదే ఎండలో చూస్తే 97 చూపించే చిప్పు 81 దగ్గర నిలిచింది. రేకుల మీద సున్నం కొట్టించాక మనుషులం కూడా కాస్త తేరుకున్నాం. ఇది మా కనిపెట్టుడేమీ కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది.

ఆ మిరపకోతల ఆవిడ ఈ ఏడు చిన్నకూతురి దరఖాస్తుకు వచ్చింది, ఆఖరి రోజున కాదు, మొదటి రోజునే. "మీ పెట్టెను నమ్మలేమయ్యా" అంది. నాన్న నవ్వి ఊరుకున్నాడు. పెట్టె ముందు తాళం ఇప్పటికీ వేసే ఉంటుంది. వెనక పలక లేదన్న సంగతి ఎవరికీ చెప్పొద్దని నాన్న ఆజ్ఞ. సావనీరు మా ఊరిదాకా రాదన్న ధైర్యంతో ఇక్కడ వ్రాసేశాను.