స్కార్లెట్ జ్వరం: గుర్తింపు, చికిత్స

చాంద్రాయణగుట్ట దాటి కొద్ది దూరం పోతే బార్కస్ వస్తుంది. నిజాం కాలంలో యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బు సిపాయీల బ్యారక్స్ ఇక్కడ ఉండేవి. ఆ బ్యారక్స్ అన్న మాటే జనం నోట నలిగి బార్కస్ అయింది. అక్కడ ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలకు నేను సాయంత్రం పూట లెక్కలు చెబుతుంటాను. ఒకనాడు వెళ్లేసరికి వాళ్లమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఇవాళ వద్దు సార్. చిన్నోడికి తట్టు పోసింది. గొంతు నొప్పని రెండు రోజుల సంది ఏం తింటలేడు."

లోపలికి వెళ్లి చూశాను. పిల్లవాడికి ఏడేళ్లు. ఒళ్లు కాలిపోతోంది. కాని తట్టులో ఉండవలసిన దగ్గు లేదు, ముక్కు కారడం లేదు, కళ్లు ఎర్రబడలేదు. పొట్ట మీద చెయ్యి వేస్తే ఉప్పుకాగితం తగిలినట్టు గరగర! అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. అది స్కార్లెట్ జ్వరమని తేలింది. పది రోజులకు మందు రాశారు.

నాలుగో రోజు నేను వెళ్లేసరికి వాడు గల్లీలో గోలీలాడుతున్నాడు. మందు సీసా అటక మీదికి చేరింది. "తగ్గింది కద సార్. మిగిలింది మళ్లెప్పుడైనా జ్వరమొస్తే పనికొస్తది" అన్నది ఆ తల్లి. ఈ వ్యాసం రాయడానికి ఆ ఒక్క మాటే కారణం.

ఏమిటీ జ్వరం?

దీనికి కారణం 'స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్' అనే బాక్టీరియా. గొలుసులో పూసల్లా వరసగా పెరిగే ఈ క్రిమి సాధారణంగా గొంతులో చేరి నొప్పి తెస్తుంది. వీటిలో కొన్ని రకాలు మాత్రమే ఒంటిని ఎర్రబరిచే విషాన్ని తయారు చేస్తాయి. చిత్రమేమంటే, ఆ విషానికి కావలసిన జన్యువు బాక్టీరియాకు దాన్ని పట్టిన వైరస్ ద్వారానే అందుతుంది! ఈ జ్వరానికీ, స్ట్రెప్టోకాకస్‌కూ ఉన్న సంబంధాన్ని 1920లలో షికాగోలో జార్జి డిక్, గ్లాడిస్ డిక్ దంపతులు రుజువు చేశారు.

మందులు లేని రోజుల్లో ఇది పిల్లల పాలిట మృత్యువే. పరిణామవాదం చెప్పిన చార్లెస్ డార్విన్ 1858 జూన్‌లో తన పసికొడుకును ఈ జ్వరానికే పోగొట్టుకున్నాడు. కొద్ది రోజులకే, జూలై 1న, లండన్‌లో ఆయన సిద్ధాంతాన్ని మొదటిసారి సభలో చదివారు. డార్విన్ ఆ సభకు వెళ్లలేదు.

ఇది పాతకాలపు రోగం, చల్లని దేశాల రోగం అనుకోవడం పొరపాటు. 2022 చివర బ్రిటన్‌లో ఇది విపరీతంగా పెరిగింది. 2024 ఫిబ్రవరిలో మన హైదరాబాదు పిల్లల్లోనూ కేసులు ఎక్కువయ్యాయని పత్రికలు రాశాయి.

గుర్తించడం ఎలా?

ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు వస్తుంది. క్రిమి సోకిన 2 నుంచి 5 రోజులకు ఉన్నట్టుండి జ్వరం, గొంతునొప్పి మొదలవుతాయి. తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల్లో మెడ, ఛాతీ, పొట్ట మీద సన్నని దద్దు లేచి ఒళ్లంతా పాకుతుంది.

ఎర్రని దద్దు అని పుస్తకాల్లో ఉంటుంది గాని, మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనపడదు. కాబట్టి కంటితో కాదు, చేతితో చూడాలి. ఈకలు పీకిన కోడి చర్మంలా గరుకుగా తగులుతుంది. చంకల్లో, గజ్జల్లో, మోచేతి మడతల్లో గీతలు ముదురుగా కనిపిస్తాయి. బుగ్గలు కందినా మూతి చుట్టూ పాలిపోయి ఉంటుంది. నాలుక మీద మొదట తెల్లని పూత ఉంటుంది. అది ఊడిపోయాక బుడిపెలు తేలి స్ట్రాబెర్రీ పండులా ఎర్రనవుతుంది.

తట్టు అయితే దగ్గు, జలుబు, కళ్లకలక ముందు వస్తాయి. దద్దు ముఖం మీద, చెవుల వెనక మొదలవుతుంది. గొంతులో బూడిదరంగు పొర అంటుకుని ఉంటే అది కంఠసర్పి కావచ్చు. ఆ రోగం మన నగరాన్ని ఇంకా వదలలేదు, దానికి క్షణం ఆలస్యం చేయరాదు. డెంగీలోనూ దద్దు వస్తుంది. అందుకే మనం అనుమానించాలి, తేల్చవలసింది మాత్రం డాక్టరే. గొంతు నుంచి దూదిపుల్లతో తీసిన స్రావాన్ని పరీక్షిస్తే క్రిమి బయటపడుతుంది. ఏ.ఎస్.ఓ. అనే రక్తపరీక్ష కొద్ది కాలం కింద క్రిమి సోకిందని చెబుతుందే తప్ప ఇవాళ్టి జ్వరాన్ని తేల్చదు.

చికిత్స: పది రోజులు ఎందుకు?

పెన్సిలిన్ గాని, దాని జాతికే చెందిన అమాక్సిసిలిన్ గాని పది రోజులు వాడాలి. ఈ క్రిమి ఇంతవరకూ పెన్సిలిన్‌కు లొంగకుండా పోలేదు. అది మన అదృష్టం. పెన్సిలిన్ పడనివారికి డాక్టరు వేరే మందు రాస్తారు. జ్వరానికి బరువును బట్టి పారాసెటమాల్ ఇవ్వాలి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. మెత్తని జావ, నీళ్లు బాగా పట్టాలి.

మందు పడ్డ రెండు మూడు రోజులకే జ్వరం దిగుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. జ్వరం దిగినా గొంతులో క్రిమి పూర్తిగా పోదు. మా పొలంలో తుంగను పైపైన కోస్తే నాలుగు రోజులు చేను శుభ్రంగా కనిపిస్తుంది. గడ్డ తవ్వకపోతే మళ్లీ లేస్తుంది. మందు మధ్యలో మానడం తుంగను పైపైన కోయడం లాంటిదే.

మిగిలిన క్రిమి మీదికి మన శరీరం చేసే యుద్ధం ఒక్కోసారి మన మీదికే తిరుగుతుంది. రెండు మూడు వారాల తర్వాత కీళ్లు వాచి, గుండె కవాటాలు దెబ్బతింటాయి. అదే రుమాటిక్ జ్వరం. మా మేనత్త కూతురికి పన్నెండో ఏట అలాగే అయింది. అప్పుడు గొంతునొప్పిని ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ ఆమె నాట్లలో వంగితే ఆయాసపడుతుంది. 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది తప్పదు. జబ్బు మొదలైన 9 రోజుల్లోపు మందు మొదలుపెట్టి, మొత్తం వాడితే ఈ ముప్పును చాలావరకు తప్పించవచ్చు.

కొందరిలో మూత్రపిండాలకూ దెబ్బ తగులుతుంది. ముఖం ఉబ్బినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా వెంటనే చూపించాలి. పిల్లవాడు ఊపిరికి ఇబ్బంది పడినా, ఉమ్మి కూడా మింగలేకపోయినా, మగతగా పడివున్నా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంట్లో జాగ్రత్త

దగ్గు, తుమ్ము తుంపర్ల ద్వారా, ఎంగిలి గ్లాసుల ద్వారా ఇది పాకుతుంది. రోగి గ్లాసు, కంచం, తువ్వాలు వేరుగా ఉంచాలి. చేతులు సబ్బుతో కడగాలి. మందు మొదలుపెట్టి ఒక రోజు గడిచి, జ్వరం తగ్గాకనే బడికి పంపాలి. దీనికి టీకా లేదు. నీళ్లు కలిపిన సిరప్ కొద్ది రోజులకే పాడవుతుంది గనుక దాచడం దండగ. ఒక సీసా పది రోజులకు చాలకపోతే రెండోది కొనాలి.

బార్కస్ ఇంట్లో ఆ సాయంత్రం లెక్కల పాఠం ఇదే అయింది. పదిలోంచి నాలుగు తీస్తే ఆరు. ఆ ఆరు రోజుల గళ్లు నోటుబుక్కులో గీశాం. మందు తాగినప్పుడల్లా వాడే టిక్కు పెట్టాడు. రెండో సీసా కూడా తెచ్చారు. తర్వాతి వారం వేళ్ల కొసల్లో పొట్టు లేస్తే తల్లి భయపడింది. తగ్గేటప్పుడు అలా లేవడం మామూలేనని చెప్పాను.

మిత్రులారా! మనలో చాలామందిమి ట్యూషన్లు చెప్పుకుని చదువుకుంటున్నవాళ్లమే. నలుగురి ఇళ్లలోకి వెళ్తుంటాం. జ్వరంతో ఉన్న పిల్లవాడు కనిపిస్తే "తగ్గిందా?" అని మాత్రమే అడగకండి. "మందు ఎన్నో రోజు?" అని కూడా అడగండి.